యాక్చువరీ పరీక్షల ఖర్చుకు డబ్బు సాయం ఎక్కడ దొరుకుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్షల రిజిస్ట్రేషన్ మొదలైందంటే చాలు, నా ఫోన్‌కి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. "అక్కా, పేపర్ రాయాలని ఉంది, ఫీజుకు డబ్బులు సరిపోవడం లేదు, ఎవరైనా సాయం చేస్తారా?" అని. అడిగేవాళ్లలో గుంటూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివే అమ్మాయి ఉంటుంది, వరంగల్ బీకామ్ అబ్బాయి ఉంటాడు, కూతురి కోసం అడిగే టీచర్ గారు ఉంటారు. యాక్చువరీ అంటే బీమా, పెన్షన్ లెక్కలు కట్టే వృత్తి నిపుణులు, ఈ పరీక్షలు ఆ వృత్తిలోకి దారి. వాళ్లందరికీ విడివిడిగా చెప్పినవే ఇక్కడ ఒకచోట రాశాను. మాది తెనాలి దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఈ పరీక్షలు రాసినదాన్ని. డబ్బు దగ్గర పడ్డ ఇబ్బందులు నాకు ఇప్పటికీ గుర్తే.

ఫీజుల అంకెలు కావాలనే రాయలేదు. అవి మారుతూ ఉంటాయి. పాత అంకె నమ్ముకుని డబ్బు సర్దుకుంటే చివరి రోజున టెన్షన్ తప్పదు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా, అంటే ఐఏఐ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది ఫీజుల పట్టిక ఉంటుంది, అదే చూసుకోండి.

అసలు ఖర్చు ఎక్కడెక్కడ అవుతుంది?

మొదట ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష ఫీజు. ఇంటర్ పాసైనవాళ్లు ఎవరైనా రాయొచ్చు. అది పాసయ్యాక స్టూడెంట్ మెంబర్‌గా చేరడానికి ఒక ఫీజు, ఆ తర్వాత ఏటా సబ్‌స్క్రిప్షన్. ప్రతి పేపర్‌కీ విడిగా పరీక్ష ఫీజు, దానికి తగ్గ మెటీరియల్. కోచింగ్‌కి వెళ్తే ఆ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ.

అందరూ లెక్కలోకి తీసుకోవడం మర్చిపోయేవి రెండున్నాయి. ఒకటి ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్. ఆ ఏడాది ఒక్క పేపర్ రాయకపోయినా అది కట్టాలి, గడువు దాటితే ఇంకా భారం. రెండోది మళ్లీ మళ్లీ రాయడం. నా మొత్తం ఖర్చులో పెద్ద భాగం కొత్త పేపర్లకు కాలేదు, ఫెయిలైన పేపర్లకు మళ్లీ కట్టిన ఫీజులకే అయింది. అందుకే సాయం సంగతి ఎంత మాట్లాడుకున్నా, సిద్ధం కాకుండా ఫీజు కట్టకపోవడమే అన్నిటికంటే పెద్ద ఆదా అని ముందే చెప్పేస్తున్నాను.

మొత్తం 13 పేపర్లకూ డబ్బు ముందే సమకూర్చుకోవాలా?

అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లు భయపడేది ఇక్కడే. "పదమూడు పరీక్షలా! అంత డబ్బు ఎక్కడినుంచి తేవాలి?" అని మొదట్లోనే వద్దంటారు. నిజానికి ఆ 13 పేపర్ల బరువంతా ఇంటి మీద పడదు.

ఐఏఐలో కోర్ ప్రిన్సిపుల్స్ 7, కోర్ ప్రాక్టీసెస్ 3, స్పెషలిస్ట్ ప్రిన్సిపుల్స్ 2, స్పెషలిస్ట్ అడ్వాన్స్‌డ్ 1. ఫెలో, అంటే పూర్తి అర్హత ఉన్న యాక్చువరీ, కావాలంటే ఇవన్నీ కావాలి. ఉద్యోగంలో చేరడానికి మాత్రం ఇవన్నీ అక్కర్లేదు. ఫ్రెషర్ ఉద్యోగాలకు సాధారణంగా రెండు నుంచి నాలుగు పేపర్లు అడుగుతారు. ఎక్కువమంది సీఎస్1 (స్టాటిస్టిక్స్), సీఎం1 (యాక్చువరీ లెక్కలు), సీబీ1 (బిజినెస్ ఫైనాన్స్), సీబీ2 (ఎకనామిక్స్) పేపర్లలోంచే మొదలుపెడతారు. ఇల్లు మోయాల్సిన ఖర్చు అంతవరకే. ఆ తర్వాతి పేపర్లలో చాలావాటి ఖర్చు మీరు పనిచేసే కంపెనీ మీదికి వెళ్తుంది. కాబట్టి నాన్నగారితో మాట్లాడేటప్పుడు 13 పేపర్ల లెక్క చెప్పకండి. ఏసెట్, సభ్యత్వం, మూడు పేపర్లు, రెండేళ్ల సబ్‌స్క్రిప్షన్ ఒక కాగితం మీద వేసి చూపించండి. మా నాన్న ఎరువుల షాపులో గుమస్తా. ఆయన బిల్లు పుస్తకం వెనక అట్ట మీదే ఈ లెక్క వేశాను. ఆ అంకె చూశాకే "సరే, ఇది చూద్దాం" అన్నారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటి ప్రభుత్వ పథకాలు దీనికి వర్తిస్తాయా?

పరీక్ష ఫీజులకు వర్తించవు. ఆంధ్రలోగానీ తెలంగాణలోగానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ అనేది గుర్తింపు పొందిన కాలేజీలో రెగ్యులర్ కోర్సు చదివేవాళ్లకు. ఐఏఐ కాలేజీ కాదు. 1944లో సొసైటీగా మొదలై, 2006 నాటి యాక్చువరీస్ చట్టంతో చట్టబద్ధ సంస్థగా మారిన వృత్తి సంస్థ అది. సీఏ వాళ్లకు వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఎలాగో మనకు ఇది అలాగ. మీసేవలో అడిగి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ తిరుగుడు మీకు వద్దు.

అయితే దీనికి వేరే దారి ఒకటుంది. మీరు చదివే బీఎస్సీకో బీకామ్‌కో రీయింబర్స్‌మెంట్ వస్తుంటే, ఇంట్లో డిగ్రీ కోసం పక్కన పెట్టిన డబ్బు మిగులుతుంది. ఆ డబ్బును పేపర్ల వైపు మళ్లించండి. పేరులో యాక్చువేరియల్ సైన్స్ ఉందని లక్షలు పోసి ప్రైవేటు డిగ్రీలో చేరడం కంటే, ఫీజు తక్కువ ఉన్న కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతూ పేపర్లు రాయడమే డబ్బులేని ఇంటికి మంచిదని నా అభిప్రాయం. ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది ఎన్ని పేపర్లు అయ్యాయనే.

కంపెనీలు నిజంగానే ఫీజు కడతాయా?

కడతాయి. ఈ రంగంలో దొరికే పెద్ద సాయం ఇదే. ఇన్సూరెన్స్ కంపెనీలు, కన్సల్టింగ్ సంస్థలు, విదేశీ బీమా కంపెనీలు ఇక్కడ పెట్టిన ఆఫీసులు చాలావరకు స్టడీ సపోర్ట్ పాలసీ పెట్టుకుంటాయి. అందులో పరీక్ష ఫీజు, సబ్‌స్క్రిప్షన్, మెటీరియల్, పరీక్షకు ముందు జీతంతో కూడిన స్టడీ లీవ్ ఉంటాయి. పేపర్ పాసైతే జీతం పెంచే చోట్లు కూడా ఉన్నాయి.

పాలసీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొందరు ముందే కట్టేస్తారు, కొందరు మీరు కట్టాక బిల్లు చూసి ఇస్తారు, కొందరు పాసైతేనే ఇస్తారు. మొదటి అటెంప్ట్‌కు పూర్తిగా, రెండోదానికి సగం, మూడోదానికి ఏమీ లేకుండా పెట్టినవీ ఉన్నాయి. ప్రొబేషన్ అయ్యేదాకా వర్తించకపోవచ్చు. ఇచ్చిన డబ్బుకు ఏడాదో రెండేళ్లో అక్కడే పనిచేయాలని షరతు ఉండొచ్చు, మధ్యలో మానేస్తే వెనక్కి కట్టించుకుంటారు. ఆఫర్ లెటర్‌లో "స్టడీ సపోర్ట్ కంపెనీ పాలసీ ప్రకారం" అని ఒక్క లైన్ మాత్రమే ఉంటుంది. ఆ పాలసీ కాగితం చేతికొచ్చేదాకా ఏదీ ఖాయమనుకోవద్దు.

స్టడీ లీవ్‌ను కూడా డబ్బు కిందే లెక్కేయండి. జీతం రెండు వేలు ఎక్కువ అని, రోజుకు పన్నెండు గంటలు పనిచేయించే చోట చేరి పేపర్లు ఆగిపోయినవాళ్లు నా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు.

ఇంటర్వ్యూలో ఈ సంగతి అడిగితే తప్పుగా అనుకోరా?

అనుకోరు. ఈ రంగంలో ఇది మామూలు ప్రశ్న. జీతం మాట వచ్చాక హెచ్‌ఆర్‌ని మర్యాదగా అడగండి: "సర్, స్టడీ సపోర్ట్ ఏ తేదీ నుంచి వర్తిస్తుంది? ఫెయిలైతే ఎంతవరకు ఇస్తారు? స్టడీ లీవ్ పేపర్‌కి ఎన్ని రోజులు?" ఈ మూడూ చాలు. జవాబులు ఫోన్‌లో చెబితే, ఆ సాయంత్రమే "మీరు చెప్పింది ఇది, సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అని మెయిల్ పెట్టండి.

బిల్లుల విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

నాకు జరిగింది చెబుతాను. మొదటి ఉద్యోగంలో సీఎం1కి ఫీజు కట్టాల్సి వచ్చింది. నా అకౌంట్‌లో డబ్బుల్లేక నాన్న ఫోన్ నుంచి కట్టించాను. ఆయన దగ్గరా అంత లేదు. అమ్మ తన చీటీని మూడో నెలలోనే పాడి, తక్కువొచ్చినా ఎత్తుకుని ఇచ్చింది. పాసయ్యాను. సంబరంగా రీయింబర్స్‌మెంట్‌కి పెట్టాను. వారం తర్వాత తిరిగొచ్చింది. డబ్బు కట్టిన అకౌంట్ ఉద్యోగి పేరు మీద లేదు, పైగా నేను జతచేసింది పేమెంట్ స్క్రీన్‌షాట్ మాత్రమే, రసీదు కాదు. ఆలోపు ఆ నెల క్లెయిమ్ గడువు కూడా దాటిపోయింది. మా మేనేజర్ ఎంతో ప్రయత్నించారు, కుదరలేదు. అమ్మకు ఫోన్ చేసి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అప్పటినుంచి నేను తప్పకుండా పాటించేది, మీరూ పాటించాల్సింది: ఎవరు డబ్బిచ్చినా ముందు మీ అకౌంట్‌లో వేయించుకుని మీరే కట్టండి. రసీదు మీ పేరుతో, మెంబర్‌షిప్ నంబర్‌తో, జీఎస్టీ వివరాలతో ఉన్నది అదే రోజు డౌన్‌లోడ్ చేసుకోండి. మెటీరియల్ కొన్న బిల్లు కూడా అంతే. ఫోన్‌లో ఒక ఫోల్డర్ పెట్టి అన్నీ అందులో వేయండి. క్లెయిమ్ గడువు ఎన్ని రోజులో ముందే కనుక్కోండి.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ వస్తుందా?

బ్యాంకుల సంఘం తయారుచేసిన మోడల్ ఎడ్యుకేషన్ లోన్ పథకంలో సీఏ, ఐసీడబ్ల్యూఏ, సీఎఫ్‌ఏ లాంటి వృత్తి కోర్సులకు చోటుంది, పరీక్ష ఫీజు, పుస్తకాలు కూడా అనుమతించే ఖర్చుల్లో ఉన్నాయి. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు, తల్లో తండ్రో మీతో కలిసి సంతకం పెట్టాలి. కాగితం మీద దారి ఉన్నట్టే. కానీ బ్రాంచిలో మేనేజర్ అడిగేది అడ్మిషన్ లెటర్, ఏడాదివారీ ఫీజు వివరం, కోర్సు ఎప్పుడు ముగుస్తుంది అన్నవి. మన పరీక్షలకు ముగింపు తేదీ అంటూ ఉండదు. అందుకని ఎక్కువసార్లు వెనక్కే పంపుతారు. వెళ్లేవాళ్లు ఐఏఐ సభ్యత్వ రుజువు, సిలబస్, ఫీజుల పట్టిక ప్రింట్ తీసుకుని వెళ్లండి.

వడ్డీ రాయితీ పథకాలు, 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మితో సహా, గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో చేరేవాళ్లకే. విడిగా రాసే పేపర్లకు కాదు.

నన్నడిగితే రెండు మూడు పేపర్ల కోసం లోన్ వద్దు. యూనివర్సిటీలో పీజీ చేస్తుంటే ఆ లోన్ వేరు, అది ఆలోచించదగ్గదే. లోన్ యాప్‌ల జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి. ఒక పేపర్ ఆర్నెల్లు ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు. యాప్ అప్పు మాత్రం ఇంటిల్లిపాదినీ ఏడిపిస్తుంది.

పన్నులో ఏమైనా కలిసొస్తుందా?

ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నవాళ్లకు వడ్డీ మీద మినహాయింపు ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో దాన్ని 80ఈ సెక్షన్ కింద ఇచ్చారు. పాత పన్ను విధానంలో ఉంటేనే వర్తిస్తుంది, వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి గరిష్ఠంగా 8 ఏళ్లు, అదీ వడ్డీకే, అసలుకు కాదు. బంధువుల దగ్గర తీసుకున్న అప్పుకు ఇది రాదు. పిల్లల ట్యూషన్ ఫీజు పేరుతో 80సీ కింద ఐఏఐ ఫీజులు చూపించొచ్చా అని చాలామంది తండ్రులు అడుగుతారు, అది పూర్తికాలం చదువులకే.

ఇంగ్లండ్ సంస్థ పరీక్షలు రాస్తే ఫీజు తగ్గిస్తారట, నిజమేనా?

ఇంగ్లండ్‌లోని ఇన్‌స్టిట్యూట్ అండ్ ఫ్యాకల్టీ ఆఫ్ యాక్చువరీస్, అంటే ఐఎఫ్‌ఓఏలో తక్కువ ఆదాయం ఉన్న సభ్యులకు తగ్గింపు రేటు ఉంది. సబ్‌స్క్రిప్షన్‌కీ, కొన్ని పరీక్షల ఫీజుకీ వర్తిస్తుంది. దానంతటదే రాదు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదాయ పరిమితిని వాళ్లు పౌండ్లలో ప్రకటిస్తారు. ఉద్యోగం లేని విద్యార్థులు చాలామంది ఆ పరిమితి లోపలే ఉంటారు. తగ్గింపు వచ్చినవాళ్లకు యాక్టెడ్ (ఈ పరీక్షలకు పుస్తకాలు తయారుచేసే సంస్థ) మెటీరియల్ కూడా కొన్ని దేశాల్లో తగ్గింపు ధరకు దొరుకుతుంది. పూర్తి ఫీజు కట్టేశాక అడిగితే కష్టం కాబట్టి పరీక్షకు రిజిస్టర్ అయ్యేముందే ఈ పని చేసుకోండి.

తగ్గింపు తర్వాత కూడా పౌండ్లను రూపాయల్లోకి మార్చి ఐఏఐ ఫీజుతో పోల్చుకోండి. ఇండియాలోనే పనిచేయాలనుకునేవాళ్లకు ఐఏఐ చాలు. ఇక్కడి బీమా కంపెనీలో అపాయింటెడ్ యాక్చువరీ, అంటే ఆ కంపెనీ యాక్చువరీ లెక్కలకు బాధ్యత వహించేవాళ్లు, కావాలంటే ఐఏఐ ఫెలో అయి ఉండాలి.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ ఏం సాయం ఉంది?

అక్కడ సొసైటీ ఆఫ్ యాక్చువరీస్, క్యాజువాల్టీ యాక్చువేరియల్ సొసైటీ పరీక్షలు. మొదటి రెండు, ఎగ్జామ్ పి (ప్రాబబిలిటీ), ఎగ్జామ్ ఎఫ్‌ఎం (ఫైనాన్స్ లెక్కలు), విద్యార్థులు సాధారణంగా సొంత డబ్బుతోనే రాస్తారు. కొన్ని యూనివర్సిటీలు పాసైనవాళ్లకు ఫీజు తిరిగిస్తాయి, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగమనండి. యాక్చువేరియల్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. వాటిలో జాన్ కల్వర్ వుడీ స్కాలర్‌షిప్ డిగ్రీ చివరి ఏడాదిలోకి వచ్చి, కనీసం ఒక పరీక్ష పాసైనవాళ్లకు. అదే ఫౌండేషన్ డైవర్సిటీ స్కాలర్‌షిప్‌ను నల్లజాతి, హిస్పానిక్, అమెరికా ఆదివాసీ, పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్ల కోసం పెట్టింది, మన పిల్లలను ఉద్దేశించి పెట్టింది కాదు. ఉద్యోగం వచ్చాక అక్కడి కంపెనీలు ఫీజుతోపాటు ఆఫీసు వేళల్లోనే చదువుకునే గంటలు కూడా ఇస్తాయి.

ఎగ్జంప్షన్ తీసుకుంటే డబ్బు మిగులుతుందా?

కొంత మిగులుతుంది. మీ డిగ్రీనిబట్టో, వేరే వృత్తి పరీక్షలనిబట్టో కొన్ని పేపర్లకు ఎగ్జంప్షన్, అంటే ఆ పేపర్ రాయకుండానే మినహాయింపు, రావొచ్చు. దానికీ ఫీజు ఉంటుంది, కానీ మెటీరియల్, మళ్లీ రాసే భయం తప్పుతాయి.

మెటీరియల్ టెలిగ్రామ్‌లో ఉచితంగా దొరుకుతోంది కదా, కొనడం ఎందుకు?

దీనికి మెత్తగా జవాబు చెప్పలేను. యాక్టెడ్ పుస్తకాల మీద అప్పివ్వకూడదు, అమ్మకూడదు, ఫొటోకాపీ తీయకూడదు అని స్పష్టంగా రాసి ఉంటుంది. రేపు జనం పెన్షన్ సొమ్ముకు లెక్కలు కట్టి సంతకం పెట్టాల్సినవాళ్లం మనం. వృత్తి ప్రవర్తన నియమాలు స్టూడెంట్ మెంబర్లకు కూడా ఉన్నాయి. పైగా సిలబస్ మారుతుంటుంది, ఆ పీడీఎఫ్ ఏ ఏడాదిదో చూడకుండా చదివి లేని టాపిక్ మీద నెల పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

దొంగ పీడీఎఫ్‌లు లేకుండానే ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. ఐఏఐ పాత ప్రశ్నపత్రాలు, వాటి నమూనా జవాబులు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. నేనైతే కొత్త పుస్తకం కంటే వాటికే ఎక్కువ విలువిస్తాను. ఎలాంటి జవాబు కావాలో పరీక్ష పెట్టినవాళ్లే చూపిస్తారు. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ పాఠాలకు ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలు ఎన్‌పీటెల్, స్వయం ఉన్నాయి. సీఎస్ పేపర్ల ప్రాక్టికల్ భాగానికి కావాల్సిన ఆర్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. కొనాల్సి వస్తే మొత్తం సెట్ వద్దు, కోర్స్ నోట్స్ కొని ముందు ఒక నెల చదివి చూడండి.

కోచింగ్ తప్పనిసరా?

కాదు. ఏసెట్‌కి అసలే అక్కర్లేదు. ఇంటర్ లెక్కలు, కొంత స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్, లాజిక్ మీద 100 మార్కుల ప్రశ్నలు అవి. సీఎస్2, సీఎం2 దగ్గర సాయం కావాలనిపించడం సహజం, అప్పటికి ఉద్యోగంలో ఉంటే కంపెనీ భరించే అవకాశం ఉంది.

ఒకే సిట్టింగ్‌లో ఎన్ని పేపర్లు కట్టాలి?

డబ్బు ఇబ్బంది ఉంటే మొదటిసారి ఒక్కటే. ఏడాదికి రెండుసార్లు పరీక్షలున్నాయి. తొందరపడి సీఎస్1, సీఎం1 కలిపి కట్టాను, ఒకటి పోయింది. రెంటికీ ఏ, బీ అని రెండేసి భాగాలుంటాయి, రెండూ కలిపి పాస్ మార్కు రాకపోతే మొత్తం మళ్లీ రాయాలి. మూడు పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాసి, పాస్ మార్కు దాటితేనే ఫీజు కట్టండి.

బంధువులనో, ఊరి పెద్దలనో, సంఘాలనో సాయం ఎలా అడగాలి?

యాక్చువరీ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. అందుకే "చదువుకు సాయం చేయండి" అని మాత్రమే అడిగితే పని జరగదు. ఏ పేపర్, ఎంత, ఎప్పటిలోగా, పాసైతే ఏమవుతుంది అన్నవి చెప్పాలి. నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను రాయించే మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్తే బాబాయ్ గారూ. నేను ఇన్సూరెన్స్ లెక్కలు చూసే వృత్తి కోర్సు చదువుతున్నాను. సీఏ లాంటిదే, పరీక్షలు వేరు. ప్రవేశ పరీక్ష, ఒక పేపర్ పాసయ్యాను, మార్కుల కాపీ పంపుతున్నాను. రెండో పేపర్‌కి ఇంత కట్టాలి, ఈ నెల 20 ఆఖరు తేదీ. ఇందులో సగం ట్యూషన్లు చెప్పి దాచుకున్నాను. మిగతా సగం మీరు ఇవ్వగలిగితే, ఉద్యోగం వచ్చిన ఆరు నెలల్లోపు తిరిగిస్తాను."

ఇందులో "సగం దాచుకున్నాను" అన్న మాటకు బరువెక్కువ. అది నిజమైతేనే రాయండి. కులసంఘాల స్కాలర్‌షిప్‌లు, కాలేజీ పూర్వ విద్యార్థుల నిధులు, ఊరి నుంచి విదేశాలకు వెళ్లినవాళ్ల బృందాలు, అన్నిచోట్లా ఇదే పద్ధతి. వాళ్లకు కాలేజీ పేరు కావాలి కాబట్టి ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక లెటర్ జతచేయండి.

ఫెయిలైతే, సాయం చేసినవాళ్లకు మొహం ఎలా చూపించాలి?

రిజల్ట్ వచ్చిన రోజే చెప్పేయండి. దాచారని తెలిస్తే తర్వాతిసారి తలుపు మూసుకుపోతుంది. "పాస్ మార్కుకు ఇంత తక్కువొచ్చింది, ఈ భాగం బలహీనంగా ఉంది, వచ్చే సిట్టింగ్ వదిలేసి ఆ తర్వాతిది రాస్తాను" అని చెప్పండి. నాకు మొదటిసారి సాయం చేసిన మాస్టారికి ఫెయిలయ్యానని వణుకుతూ ఫోన్ చేశాను. ఆయన ఎన్ని మార్కులని కూడా అడగలేదు, "పుస్తకాలున్నాయా, కొనాలా?" అన్నారు.

డబ్బు పూర్తిగా అయిపోయింది, రెండు పేపర్లయ్యాయి, ఉద్యోగం రాలేదు. మానేయాలా?

పేపర్లకు విరామం ఇవ్వండి, సభ్యత్వం మాత్రం వదలొద్దు. సబ్‌స్క్రిప్షన్ గడువులోపు కట్టేయండి, పాసైన పేపర్లు అలాగే ఉంటాయి. ఈలోపు ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్, అండర్‌రైటింగ్, డేటా అనాలిసిస్, ఏ ఉద్యోగం దొరికినా చేరండి. అక్కడినుంచి యాక్చువేరియల్ టీమ్‌లోకి మారినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో ఉంటే, ఎక్సెల్‌తోపాటు ఆర్ కూడా వస్తే, ఇంటర్వ్యూలు కాస్త తొందరగా వస్తాయి. రెజ్యూమేలో పాసైన పేపర్ల పేర్లు, ఏ నెలలో పాసయ్యారో మొదటి పేజీలోనే రాయండి. తర్వాతి పేపర్ ఫీజు మొదటి జీతం నుంచి కట్టొచ్చు, రసీదు మీ పేరు మీదే తీసుకోండి.